దిష్టికి తెలియని భాష

రంగులు సులభం

చూపులేని పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు నా దగ్గరికి వస్తే మొట్టమొదట అడిగేది రంగుల గురించే. "మేడం, ఎరుపు అంటే మీరు ఏమని చెప్పేవారు?" అంటారు. రంగులతో నాకెప్పుడూ పేచీ రాలేదు. మిరపపండు ఎరుపు, ఆకాశం నీలం, మన పక్క నేల కొంత నలుపు, కొంత ఎరుపు అని చెబితే పిల్లలు విని, గుర్తుపెట్టుకుని, పరీక్షలో నోటితో చెప్పి పక్కవాళ్ళ చేత రాయించి మర్చిపోతారు. నన్ను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించింది ముఖం. మనిషి ముఖాన్ని ఇంగ్లీషులో వర్ణించడం అనే ఒక్క పాఠం.

మాది ఒంటిమిట్ట దగ్గర ఒక పల్లె. ఉద్యోగం మాత్రం ఎక్కువకాలం కర్నూలు ఊరి చివర, చూపులేని పిల్లల ఆశ్రమ పాఠశాలలో, ఇంగ్లీషు టీచరుగా. పదోన్నతులు, బదిలీలు, సర్వీసు పుస్తకం గొడవలు ఇక్కడ రాయను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకటే. రిటైరై కడపలో ఉంటున్నాను. మధ్యాహ్నం అన్నం తిని కూలరు ముందు వాలితే, కునుక్కీ మెలకువకీ మధ్య ఆ బడి వరండా వస్తుంది. నాపరాళ్ళు పరిచిన పొడవాటి వరండా. ఎంత ఎండాకాలమైనా పొద్దున పూట ఆ రాళ్ళు చల్లగా ఉండేవి. పిల్లలు ఒట్టికాళ్ళతో, గోడకు ఒక వేలు ఆనించి నడిచేవాళ్ళు. ఏ రాయి కదులుతుందో, ఏ రాయికి అంచు విరిగిందో వాళ్ళ పాదాలకు తెలుసు. నా కలలో వాళ్ళు అట్లా నడుస్తూనే ఉంటారు. ఎవరి ముఖమూ సరిగా కనపడదు, గొంతులు మాత్రం పేరుపెట్టి పిలవగలిగేంత స్పష్టంగా వినపడతాయి. అక్కడ అన్నేళ్ళు పనిచేస్తే కలలు కూడా ఆ బడి పద్ధతికి అలవాటు పడతాయేమో.

అందరి అమ్మలూ ఒకటే

నేను చేరినప్పుడు నాకంటే ముందున్న టీచరు ఒక పేరా అప్పజెప్పి వెళ్ళింది. "మీ అమ్మను గురించి రాయండి" అని పరీక్షలో తప్పకుండా వస్తుందట. ఆ పేరా బట్టీ పట్టిస్తే చాలట. మై మదర్ హ్యాజ్ యాన్ ఓవల్ ఫేస్. హర్ ఐస్ ఆర్ లైక్ లోటస్ పెటల్స్. అట్లా సాగుతుంది. ఆ ఏడాది నేనూ అదే బట్టీ పట్టించాను. కర్నూలు, కడప జిల్లాల్లో చేలగట్ల మీద ఎండకు మాడి కలుపు తీసే తల్లులందరికీ కోడిగుడ్డు లాంటి ముఖాలూ, తామరరేకుల కళ్ళూ వచ్చాయి. పిల్లలు ఆ పేరాను ఎక్కాలలాగా రాగం తీసి చదివేవాళ్ళు. వాళ్ళ అమ్మ గురించి చదువుతున్నామన్న సంగతి ఒక్కరి గొంతులోనూ వినపడలేదు.

మా హెడ్మాస్టరు ఖాదర్ సార్ కిటికీ బయట నిలబడి ఈ రాగం విన్నారు. ఆయనది బనగానపల్లె. పుట్టుకతోనే చూపు లేదు. నడిచొస్తుంటే కర్ర చప్పుడుకంటే ముందు ఆయన దగ్గు వినపడేది. అంత చదువుకున్న మనిషి, మాట మాత్రం ఊరి మాటే. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో, "ఏమ్మా టీచరమ్మా, ఈ పిల్లలంతా ఒగ తల్లి బిడ్డలేనా?" అన్నారు.

"లేదు సార్, ఎందుకట్ల అడుగుతాండారు?" అన్నాను.

"అందరి అమ్మకూ ఒగే మొహం ఉండాది గదా, అందుకడుగుతాండా."

నాకు తల కొట్టేసినట్టయింది. మరుసటి రోజు నుంచి ఆ పేరా మానేశాను. మానేసినంత సులభంగా ఇంకొకటి దొరకలేదు.

సినిమాల్లో చూసిన చదువు

అప్పుడొక గొప్ప ఆలోచన వచ్చిందనుకున్నాను. కళ్ళజోడు తీసి పక్కనపెట్టి, క్లాసులో కుర్చీ వేసుకుని కూర్చుని, "ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా ముఖం తడిమి చూడండి, ముక్కు, గడ్డం, నుదురు అన్నీ ఇంగ్లీషులో చెప్పండి" అన్నాను. పిల్లలు బిక్కచచ్చిపోయారు. టీచరు చెప్పింది కాబట్టి వచ్చారు. చింతపండు పులుసు వాసన వేసే చేతులు నా ముఖం మీద భయంభయంగా ఆడాయి. ఒక పిల్ల నా ముక్కు పట్టుకుని వదల్లేక, అట్లాగే ఉంచలేక ఏడుపు ముఖం పెట్టింది. ఇంకో పిల్ల, "మేడం, మీకు మీసాలుండాయి" అంది. క్లాసు క్లాసంతా గొల్లుమంది. పాఠం అంతటితో సరి.

ఖాదర్ సార్‌కు ఈ సంగతి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇది మీరు సినిమాలో చూసింటారు" అన్నారు. "గుడ్డోళ్ళు మొహాలు తడుముతారనేది సినిమావోళ్ళు పుట్టించిండేది. నా నికా అయి ఇన్నేండ్లయింది గదా, మా ఇంటామె మొహం నేను ఎన్నడూ తడమలేదు. పొద్దన్నే లేచి మొహం తడుమ్తాంటే ఊరుకుంటాదా? చెయ్యి ఇరగ్గొడ్తాది."

"అయితే ముఖమంటే మీకు ఏమి సార్?" అని అడిగాను. అట్లా అడిగేంత చనువు అప్పటికి వచ్చింది.

ఆయన నా గొంతు వచ్చే వైపు తల తిప్పారు. "గొంతు యాడినుంచి వస్తాదో ఆ చోటుమా. అంతే. మీరు దాన్ని శానా పెద్ద ఇస్యం చేసుకోనుండారు."

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. జాలి ఉన్న టీచరు మంచి టీచరు కాదు. జాలి ఉన్నవాళ్ళు పిల్లల్ని అడగరు, తామే ఊహించుకుంటారు. నేను ఊహించుకున్నాను కాబట్టి ఆ పిల్లల చేత నా ముక్కు పట్టించాను.

పడిపోయిన ముఖం

ఆ తర్వాత వస్తువులతో మొదలుపెట్టాను. ఓవల్ అంటే కోడిగుడ్డు. స్క్వేర్ అంటే పలక. హార్ట్ షేప్ అంటే రావి ఆకు. డింపుల్ చెప్పడానికి హాస్టల్ వంటమ్మను బతిమాలి జొన్నపిండి ముద్ద తెచ్చి బొటనవేలితో నొక్కించాను. పిల్లలు ముద్దకు మనిషికో డింపుల్ పెట్టి, చివరికి ఆ రొట్టె కాల్పించుకుని తిన్నారు. ఆకారాలు వచ్చాయిగాని మనిషి రాలేదు. గుడ్డు, పలక, ఆకు, పిండిముద్ద విడివిడిగా బల్లమీద ఉండేవి. వాటినుంచి ఒక అమ్మను కట్టుకోవడం ఎట్లాగో పుట్టుకతో చూపు లేని పిల్లకు నేను చెప్పలేకపోయాను.

విచిత్రం ఏమిటంటే, తరువాతి పాఠం దగ్గర తలుపు తెరుచుకుంది. అది ముఖం మీద ఉన్న పలుకుబడుల పాఠం. మామూలు బడుల్లో "హర్ ఫేస్ ఫెల్" అంటే పిల్లలు, యాడ పడింది మేడం అని నవ్వుతారు. వాళ్ళకు ముక్కూ మూతీ చెప్పడం సులభం, ఈ మాటలు చెప్పడం కష్టం. మా బడిలో అంతా తిరగేసి ఉంది. ఫేస్ ఫెల్ అనగానే వెనక బెంచీనుంచి ఎవరో, "అంటే మాట్లాడ్తా మాట్లాడ్తా గొంతు కిందికి దిగిపోతాది మేడం" అన్నారు. లాంగ్ ఫేస్ అంటే దిగులుతో మాటను ఈడ్చీడ్చి మాట్లాడేవాళ్ళదట. ముఖం చాటేయడం వాళ్ళకు చెప్పే పనే లేదు, పిలిస్తే పలకని స్నేహితులు అందరికీ ఉన్నారు. నవ్వు బయటపడనీయని స్ట్రెయిట్ ఫేస్ దగ్గర కొంచెం ఆగి, ఖాదర్ సార్ జోకు వేసేటప్పుడు ఉండేది అదేనని వాళ్ళే తేల్చారు.

"పుట్ ఆన్ ఎ బ్రేవ్ ఫేస్" అంటే ఏమిటని అడిగాను. ఒక చిన్నపిల్ల లేచి నిలబడి అంది: "మా నాయన నన్ను హాస్టల్లో ఇడిసిపెట్టి పోయేటప్పుడు పోతా పోతా దగ్గినాడు మేడం. దగ్గు లేకపోయినా దగ్గినాడు."

నేను బోర్డు వైపు తిరిగాను. ఆ బడిలో ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకోవడానికి బోర్డు వైపు తిరగాల్సిన పని లేదు. అయినా తిరిగాను.

కండె బొక్కలోంచి

ఈరమ్మ మా బడికి వచ్చేనాటికి ఆమెకు కొంచెం చూపుంది. కోడుమూరు అవతల ఒక పల్లెలో మగ్గం నేసే ఇల్లు. తల్లిదండ్రులది మేనరికం. చిన్నప్పుడు రేచీకటితో మొదలైంది. సాయంత్రమైతే గడప తగిలి పడేదట. తర్వాత పట్టపగలు కూడా చుట్టూ నుంచి మూసుకురావడం మొదలుపెట్టింది. నేయడానికి నూలు చుట్టే చిన్న గొట్టాన్ని కండె అంటారు. "ఆ కండె బొక్కలోంచి చూస్తాండట్లుంటాది మేడం. బొక్కలో కనపడేది బాగనే కనపడ్తాది. చుట్టూ ఏమీ ఉండదు" అని చెప్పింది.

పదో తరగతికి వచ్చేసరికి మనిషి నా ఎత్తు అయింది. ఆ వయసులో కూడా బుగ్గన కాటుక చుక్క. సెలవులకు ఇంటికి పోయి వచ్చిన ప్రతిసారీ పసిపాపకు పెట్టినట్టు పెద్ద దిష్టిచుక్క ఉండేది. దాన్ని చూడగలిగినవాళ్ళం ఆ బడిలో నలుగురైదుగురం. నేను నవ్వుకునేదాన్ని.

ముఖం పాఠం మిగతా పిల్లలందరూ పరీక్ష కోసం విన్నారు. ఈరమ్మ ఆకలిగొన్న మనిషి లాగా విన్నది. చీక్‌బోన్స్, ఐలిడ్స్, చిన్ అన్నీ నోట్లో పలికి పలికి చూసుకునేది. ఒకరోజు అందరూ భోజనానికి వెళ్ళాక క్లాసులోనే ఉండిపోయింది.

"మేడం, ఆసుపత్రిలో డాక్టరు చెప్పినాడు గదా. ఉండే ఎలుతురు గూడ ఇంగ శానా దినాలు ఉండదని."

"చెప్పినాడు" అన్నాను. ఆమెతోపాటు ఆరోజు పెద్దాసుపత్రికి వెళ్ళింది నేనే. అబద్ధం చెప్పడానికి వీలులేదు.

"పోతే పోనీ మేడం. ఒగటే ఆశ నాకు. మా అమ్మ ముఖం మొత్తం నేను ఎప్పుడూ చూల్లేదు. ముక్కు చూస్తే కండ్లు పోతాయి, కండ్లు చూస్తే నోరు పోతాది. అన్నీ విడివిడిగా తెలుసు. ఏది యాడ ఉండాదో కలుపుకొనేకి రాలేదు. ఎవురన్నా పక్కన కూర్చోని చెప్తే కలుపుకుంటా. పోయేలోపల ఒగసారి కలుపుకుంటే ఇంగ దాచి పెట్టుకుంటా."

"దానికేం, మీ ఇంట్లో అడిగితే చెప్పరా?"

"మా ఇంట్లో ముఖాల గురించి మాట్లాడగూడదు మేడం."

అప్పుడు చెప్పింది. ఆమె చంటిబిడ్డగా ఉన్నప్పుడు గాజులమ్మే ఒకామె వాళ్ళ గడపలో కూర్చుని, "ఏం కండ్లమ్మా ఈ పాపవి! ముఖమంతా కండ్లే" అని మెచ్చుకుందట. ఆమె అటు పోగానే తల్లి నాగమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసిందట. ఘాటు రాలేదట. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. తర్వాత కొంతకాలానికి బిడ్డ గడప తగిలి పడసాగింది. నాగమ్మ లెక్కలో బిడ్డ కళ్ళను తీసుకుపోయింది ఆ ఒక్క మాట. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఎవరి ముఖాన్నీ బాగుందనరు, బాగలేదనరు. చుట్టాలు వచ్చి "మీ పాప..." అని మొదలుపెడితే నాగమ్మ పోయి వాళ్ళ నోటికి చెయ్యి అడ్డం పెడుతుందట.

నేను డాక్టరు మాట వివరించి చెప్పాలనుకున్నాను. మేనరికాలూ, రక్తంలో వచ్చే జబ్బులూ. ఈరమ్మ నాకంటే ముందే, "అది దిష్టి కాదని నాకు తెలుసు మేడం. మా అమ్మకు తెల్దు" అంది.

ఈరమ్మతో వాళ్ళ ఊరికి పోవడానికి ఖాదర్ సార్‌ను సెలవు అడగబోయి సంగతంతా చెప్పాను. మొహాల గోల మాకెందుకని ఆయన అంటారనుకున్నాను. ఆయన కర్ర గోడకు ఆనించి నిలబడి విన్నారు. "నేను పుట్టుగుడ్డిమా. నాకు లేనిదాని మీద నాకు ఆశ లేదు. ఉండి పోగొట్టుకునేటోళ్ళ కత వేరే. వాళ్ళకు ఏది కావాలో వాళ్ళనే అడగాల, ఇయ్యాల. పోయిరా" అన్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పైఅధికారి నాకిచ్చిన ఆదేశాల్లో నేను గుర్తుపెట్టుకున్నది అదొక్కటే.

మగ్గం ముందు

కోడుమూరు బస్సు దిగి ఆటోలో పోతుంటే దారి పొడుగునా ఎండమావులు. రోడ్డుమీద నీళ్ళు నిలిచినట్టే ఉంటుంది, దగ్గరికి పోతే ఇంకా ముందుకు జరుగుతుంది. చేలల్లో కోత అయ్యాక మిగిలిన కొయ్యకాళ్ళు తప్ప ఏమీ లేవు. ఈరమ్మ ఆ కాస్త చూపుతో ఒక్కొక్కటీ పట్టుకుని చెబుతూ వచ్చింది. అదిగో మేక కొమ్ము, అదిగో ఎవరిదో చెయ్యి, అదిగో సగం స్తంభం. ఆమెతో పాటు నేనూ అట్లా ముక్కలుగా చూడబోయాను. కొంతసేపటికి లోకమంతా కలలో మాదిరి తేలిపోతున్నట్టయింది. నాకు తల తిరిగి కళ్ళు మూసుకున్నాను.

నాగమ్మ మగ్గం గుంతలో కూర్చుని నేస్తోంది. ఆమె భర్త నేసిన చీరలు ఇచ్చిరావడానికి ఎమ్మిగనూరు పోయాడట. గోడకు పైన చిన్న కిటికీ. అందులోంచి పడే వెలుతురు సరిగ్గా మగ్గం మీదికి వచ్చేటట్టు ఎప్పుడో ఎవరో కట్టిన గది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. మజ్జిగ ఇచ్చింది. కూర్చున్నాక వచ్చిన పని చెప్పాను. ఆమె పోగును అటూ ఇటూ విసిరే నాడెను చేతిలోంచి కింద పెట్టేసింది.

"వద్దు టీచరమ్మా" అంది. "ఒగసారి అన్నందుకే ఇట్లయింది. నా ముఖానికేమన్నా అయితే పోనీ. నా ముఖం గురించి దాని ఎదురుగ్గా మాట్లాడితే, మల్లా దానికే తగుల్తాది. ఉండే పిసరు ఎలుతురు గూడ పోతాది."

పోయేది ఎట్లాగూ పోతుందని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంగ్లీషు టీచరును కాబట్టి నాకు తోచిన ఉపాయం నేను చెప్పాను. "తెలుగులో చెప్పనులేమ్మా. అంతా ఇంగ్లీషులోనే చెప్తా. ఆ పాపకు అర్థమవుతుంది."

నాగమ్మ నన్నే చూసింది. "దిష్టికి ఇంగ్లీసు రాదా?"

ట్రెయినింగ్ కాలేజీలో ఎవరూ నాకు ఈ ప్రశ్న వేయలేదు. "రాదు. మన ఊరి దిష్టి గదా, యాడ నేర్చుకుంటాది" అన్నాను నవ్వకుండా.

"ఏమో టీచరమ్మా. మా ఊరి బడిలో గూడ ఇంగ్లీసు మీడియం పెట్టినారు. ఇప్పుడు అందరికీ వస్తాంది."

ఈరమ్మ పక్కున నవ్వింది. కూతురు అట్లా నవ్వడం చూసి కాబోలు నాగమ్మ మెత్తబడింది. కాసేపు నూలు దారాలు సవరించింది. "సరే. చెప్పు. గట్టిగ చెప్పొద్దు, మెల్లగ చెప్పు" అంది.

ఈరమ్మ మగ్గం మీద పరిచిన పడుగు దారాలకు ఇవతల, తల్లికి ఎదురుగా కూర్చుంది. నేను పక్కన. నాగమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాక మళ్ళీ నాడె విసరబోయింది. "మగ్గం ఆపుమా, ముఖం కదుల్తాంది" అంది కూతురు. నాగమ్మ రెండు చేతులూ మగ్గం మీద పెట్టి, ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది.

నేను మొదలుపెట్టాను. నా సంచిలో ఉన్న మాటలేవీ సరిపోలేదు. ఆమె ముఖం గుడ్డూ కాదు, పలకా కాదు. చెంప ఎముకల దగ్గర వెడల్పు, కిందికి పోనుపోను సన్నం. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోయాను. బ్రాడ్ ఫోర్‌హెడ్. రెండు కనుబొమ్మలూ మధ్యలో దాదాపు కలుస్తాయి. ఎడమ కనురెప్ప కొంచెం వాలి ఉంటుంది. ముక్కుకు రెండు పక్కలా పుడకలు. గడ్డం మీద పచ్చబొట్టు, ఒక్కటే చుక్క. ఇంగ్లీషులో నేను చెప్పిన చోటికల్లా ఈరమ్మ తన చూపును తీసుకుపోయింది. "ఎస్ మేడం" అని ఆగేది. మళ్ళీ వెనక్కి నుదురు దాకా పోయి, అక్కడినుంచి జారుకుంటూ ముక్కు దాకా వచ్చేది. దారి గుర్తుపెట్టుకుంటున్న మనిషి లాగా పెదవులు కదిలేవి. ముక్కుకూ పైపెదవికీ ఎంత దూరమని అడిగింది. ఒక వేలు వెడల్పు అన్నాను. ఎండ కిటికీలోంచి నాగమ్మ చెంపమీదికి జరిగింది. నేను చెబుతున్నది ఒక ముఖాన్ని గురించో, దూరంగా ఉన్న ఊరికి దారో నాకే తెలియకుండా పోయింది.

"అన్నీ అయినాయి మేడం" అంది ఈరమ్మ చివరికి. "కలిసినాయి. ఇప్పుడు చెప్పండి. ఆ మొత్తం ముఖం ఎట్లుండాది? లాంగ్ ఫేసా?"

నేను నాగమ్మను చూశాను. పెదవి లోపలికి నొక్కిపెట్టుకుని, రెప్ప వేయకుండా కూతురినే చూస్తోంది.

"బ్రేవ్ ఫేస్" అన్నాను.

ఈరమ్మకు అర్థమైంది. తర్వాత తెలుగులో, పైకే అడిగింది:

"మా, నేను గూడ నీ మాదిరే ఉంటానా?"

ఆ ఇంట్లో అట్లాంటి ప్రశ్నకు ఎవరూ ఎన్నడూ జవాబు చెప్పింది లేదు. నాగమ్మ గబుక్కున నా వైపు తిరిగింది. "దీనికి ఇంగ్లీసులో ఏమనాల టీచరమ్మా?"

నా దగ్గర మాటలకు కొదవా? చెప్పబోయాను. ఈలోగా నాగమ్మే చెయ్యి అడ్డం ఊపింది.

"వద్దులే" అంది. కూతురి వైపు వంగింది. "నా మాదిరి యాడుండావు పాపా. నాకన్నా శానా చక్కగుండావు. పుట్టిన దినం నుంచీ అంతే. చూసి చూసి కడుపు నింపుకొన్యా గాని నోరు తెరిచి ఒగ మాట అనలేదు. ఇంగ తగిలితే తగలనీ దిష్టి. తీసుకోని పోయేకి దానికి ఇంగేం మిగిల్నాది."

అనేసి నాగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోయింది. ఈరమ్మ చెయ్యి చాచి ఆ కొంగు పట్టుకుని కిందికి లాగింది. తల్లి కళ్ళ మీద ఉన్న చూపును మెల్లగా కిందికి తెచ్చి, పెదవుల దగ్గర నిలిపింది.

"నేను కండ్ల కాడ ఉన్న్యా మా, నోటి కాడికి వచ్చేలోపల మాట అయిపాయె" అంది. "ఇంగోతూరి చెప్పు. చూస్తా."